చదవడం, చదువుకోవడం

మొన్న తార్నాకలో పంటి డాక్టరు దగ్గరికి వెళ్లాను. దవడ పన్ను కొన్నాళ్లుగా సలుపుతోంది. ఆయన చిన్న దూది ఉండను ఒక సీసాలో ముంచి పన్ను మీద అదిమి పెట్టాడు. లవంగ నూనె. ఆ ఘాటు ముక్కుకు తగిలీ తగలకముందే నేను ఆ కుర్చీలో లేను. ఎత్తైన కిటికీలున్న యూనివర్సిటీ బాటనీ లాబొరేటరీలో, ఎర్ర రంగు మరకలు పడ్డ చేతులతో, రాతి బల్ల ముందు నిలబడి ఉన్నాను. మొక్క కాండాన్ని పలచగా కోసి, రంగు వేసి, గాజు పలక మీద ఏళ్ల తరబడి చెడకుండా నిలపాలంటే చివర్లో లవంగ నూనెలో ఉంచేవాళ్లం. ఇంటికి వెళ్లాక కూడా కొంగుకు ఆ వాసన పట్టే ఉండేది. నా కళ్లలో నీళ్లు చూసి డాక్టరు నొప్పిగా ఉందా అని అడిగాడు. నోట్లో దూది ఉంది కనుక చెప్పలేకపోయాను. ఆ నీళ్లు పంటి కోసం కాదు, సుభద్ర మేడం కోసం.

సుభద్ర మేడం మాకు మొక్కల లోపలి నిర్మాణం గురించి పాఠం చెప్పేవారు. అప్పటికి ఆమెకు నలభై దగ్గరపడుతున్నాయి. తెల్లని వాయిల్ చీర, వెనక చిన్న ముడి, ఎడమ చేతికి మగవాళ్ల గడియారం. ఎడమ చూపుడు వేలి మీద రేజరు తెగిన సన్నని గీతలు చాలా ఉండేవి. కోస్తాలో, కృష్ణ ఒడ్డున ఏదో పల్లె ఆమెది. పెళ్లి చేసుకోలేదు. తల్లిని తెచ్చుకుని తార్నాకలో ఒక వెనక సందులో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవారు. పెళ్లికాని ఆడమనిషి అంత దూరం వచ్చి ఉండటం గురించి ఇరుగుపొరుగు ఏదో ఒకటి అనుకుంటూ ఉండేవాళ్లని తరువాత ఆవిడ తల్లి నాతో చెప్పి నవ్వేది. మేడం మాత్రం ఆ సంగతి తన చెవిన పడనట్టే ఉండేవారు.

నేను నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చాను. మా నాయన జొన్న, కంది పండించేవాడు. మా ఊళ్లో అప్పటివరకు డిగ్రీ చదివిన ఆడపిల్ల లేదు. జిల్లా కాలేజీలో బి.ఎస్సీ. ఫస్టు క్లాసులో పాసయ్యాను. అరవై ఎనిమిదిలో ఎమ్మెస్సీలో సీటు వచ్చింది. మా అన్న మల్లేశం కరెంటు ఆఫీసులో లైన్‌మన్. అన్న, వదిన లాలాపేటలో ఒక గది తీసుకుని ఉండేవాళ్లు. వాళ్ల దగ్గరే ఉండి, తార్నాక మీదుగా నడిచి యూనివర్సిటీకి వెళ్లేదాన్ని. మా ఊరికి వెళ్లినప్పుడు నాయన నన్ను ఎవరికి చూపించినా ఒకటే మాట అనేవాడు, "మా బిడ్డ సదువుకున్నది" అని. ఆ మాట వినడానికి నాకు ఎంత ఇష్టంగా ఉండేదో.

నా చదువు సంగతి కూడా చెప్పాలి. పదో తరగతి దాకా నేను తెలుగులో చదివాను. ఆ తరువాత ఒక్కసారిగా అంతా ఇంగ్లీషు. అర్థం చేసుకునే దారి తెలియక నోట్సు మొత్తం బట్టీ పట్టడం నేర్చుకున్నాను. కామా ఎక్కడుందో, పేరా ఎక్కడ మారుతుందో కూడా గుర్తుండేది. మా జిల్లా కాలేజీలో మంచి మైక్రోస్కోపు ఒక్కటే ఉండేది. అది పాడైపోతుందని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లు. మేము బీరువా అద్దంలోంచి దాన్ని చూసి, పుస్తకంలోంచి బొమ్మలు దించి ఫస్టు క్లాసులు తెచ్చుకున్నాం.

యూనివర్సిటీలో మొదటి ప్రాక్టికల్ రోజున సుభద్ర మేడం ఒక్కొక్కరి దగ్గరా ఆగి ఏదో ఒకటి అడుగుతున్నారు. హాజరు పిలిచేటప్పుడు నా పేరు యాదమ్మ అని వినగానే వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ కోపం నాలో అప్పటికింకా చల్లారలేదు. మేడం నా దగ్గరికి వచ్చి, మొక్కలో నీళ్లు పైకెక్కే కణజాలం గురించి చెప్పమన్నారు. నేను ఊపిరి తీసుకోకుండా పేజీన్నర ఇంగ్లీషులో అప్పజెప్పాను. నవ్వినవాళ్లు కూడా నా వైపు చూస్తున్నారు. మేడం పూర్తిగా విన్నారు. తరువాత పక్కనున్న మైక్రోస్కోపును నా వైపు తిప్పి, అందులో అదెక్కడుందో చూపించమన్నారు.

కన్ను పెట్టాను. వెలుతురు, ఆ వెలుతురులో ఎర్రని, పచ్చని గళ్లు. నేను దించుకున్న బొమ్మలో గీతలకు చివర పేర్లుండేవి. ఇక్కడ పేర్లు లేవు. ఎటు చూసినా ఏది ఏమిటో తెలియలేదు. చాలాసేపటికి తల ఎత్తాను. మేడం కోప్పడలేదు. తగ్గు గొంతుతో తెలుగులో, నాకొక్కదానికే వినపడేలా అన్నారు.

"చదివావమ్మా. చాలా బాగా చదివావు. ఇంకా చదువుకోలేదు."

ఆ రోజు ఇంటికి నడుస్తుంటే దారి కనబడలేదు. మా నాయన ఊరందరికీ చెప్పుకునే మాటనే ఆమె కాదన్నారు. కోస్తా నుంచి వచ్చిన మనిషికి మా పల్లె పిల్లలంటే చులకన అనుకున్నాను. అయితే చులకన చేసేవాళ్లు అంత మెల్లగా, పక్కవాళ్లకు వినపడకుండా చెబుతారా అని కూడా అనిపించింది. ఇంటికి వెళ్లేసరికి వదిన బియ్యం చెరుగుతోంది. చదవడానికీ చదువుకోవడానికీ తేడా ఏముందని ఊరికే, ఏడుపు ఆపుకోవడానికి అడిగాను. వదిన బడి ముఖం చూసిన మనిషి కాదు. చాట దింపకుండానే చెప్పింది.

"వండుడు, వండుకునుడు ఒక్కటేనా? పెండ్లిల వంద మందికి వండొస్త, నా కడుపుల ఏం పడది. ఇంటికొచ్చి వండుకుంటెనే గద నేను తినేది."

నాకు నవ్వు వచ్చింది. ఆ పూట నవ్వు రావడమే గొప్ప, అందుకని ఆ మాట గురించి ఇంకేం ఆలోచించలేదు.

మరుసటి వారం నుంచి మేడం నా చేతికి రేజరు ఇచ్చి, పుస్తకం తీసుకుని తన బల్ల సొరుగులో పెట్టేసేవారు. కాండాన్ని ఎడమ చేతి వేళ్ల మధ్య నిలబెట్టి, బ్లేడు తడిపి, ఒక్క ఊపులో పక్కకు లాగాలి. ముక్క ఉల్లిపొర కంటే పలచగా రావాలి. మొదట్లో నావి చెక్కు తీసిన బీరకాయ ముక్కల్లా వచ్చేవి. వేళ్లు తెగేవి. మేడం అయోడిన్ సీసా దగ్గర పెట్టి వెళ్లిపోయేవారు తప్ప చెయ్యి పట్టుకుని నేర్పేవారు కాదు. ఎలా కొయ్యాలో చెప్పమని ఒకసారి అడిగితే, అది నీ వేళ్లకు తెలియాలి గాని నా నోటికి తెలిసి ఏం లాభం అన్నారు. ఈమెకు చెప్పడం రాదేమో అని కూడా నాకు అనుమానం కలిగింది.

చలికాలంలో ఒకరోజు ఆమె జొన్న దంటు ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ఎక్కడ దొరికిందో తెలియదు. ఆ పచ్చి వాసనకు మా చేను గుర్తొచ్చింది. కోశాను. ఆ రోజెందుకో బ్లేడు మాట విన్నది. గాజు గిన్నెలో నీళ్ల మీద ఒక ముక్క పొరలా తేలింది. కుంచెతో తీసి రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. తెల్లని బెండు నిండా చిన్న చిన్న ముఖాలు చెదిరి ఉన్నాయి. ఒక్కొక్క ముఖానికి రెండు పెద్ద కళ్లు, కింద ఒక నోరు. పుస్తకంలో వీటి గురించి ఎన్నిసార్లు చదివానో. కాని ఆ పూట చూస్తున్నది పుస్తకంలోది కాదు. చిన్నప్పుడు తియ్య జొన్న దంటు విరిచి నమిలితే రసమంతా పోయి నోట్లో పీచు మిగిలేది. పళ్ల సందుల్లో ఇరుక్కుంటే మా అమ్మ పుల్ల ఇచ్చేది. ఆ పీచు పోగులను అడ్డంగా కోస్తే ఇలాగే ఉండాలి. అంతవరకు క్లాసులో నేను మా మాటల్లో ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ క్షణాన అదంతా మరిచిపోయాను.

"మేడం, ఇవి పండ్ల సందుల ఇరికే పీసులు" అన్నాను.

వెనక వరసలో మళ్లీ నవ్వు. మేడం మాత్రం వంగి మైక్రోస్కోపులో చూశారు, తరువాత నన్ను చూశారు. నీళ్లు ఎక్కే గొట్టాలు గట్టిగా ఉంటేనే మొక్క నిలబడుతుందని, నా పళ్లకు అడ్డుపడింది ఆ గట్టిదనమేనని నేనే ఒకదాని వెంట ఒకటి చెప్పుకుంటూ పోయాను. సగం తెలుగు, సగం ఇంగ్లీషు. బట్టీ పట్టిన వాక్యం ఒక్కటి కూడా అందులో లేదు. అంతా అయ్యాక ఆమె సొరుగు తెరిచి నా పుస్తకం తీసి చేతిలో పెట్టారు. ఇక దీన్ని చదివినా ఫరవాలేదు అన్నారు. ఆ రాత్రి అదే పేజీ మళ్లీ తీశాను. నోటికి వచ్చిన వాక్యాలే. ప్రతి వాక్యం వెనకా జొన్న దంటు కనిపిస్తుంటే, ఎవరో కొత్తగా రాసినట్టున్నాయి. వదిన అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ నేను పరీక్షలు దిద్దేవాళ్ల కోసం వండుతూ వచ్చాను. ఆ రోజు మొదటిసారి తిన్నాను.

అరవై తొమ్మిది మొదలవుతూనే యూనివర్సిటీ మారిపోయింది. ప్రత్యేక తెలంగాణ కావాలని ఉద్యమం మొదలైంది. క్లాసులు ఆగిపోయాయి. రాతి మెట్ల మీద సభలు, రోడ్ల మీద ఊరేగింపులు. నేనూ వెళ్లి ఆ మెట్ల మీద కూర్చున్నాను. అక్కడ చెప్పిన మాటలు నాకు తెలిసినవే. తనకు రావలసిన పైపోస్టు కోస్తా నుంచి వచ్చిన మనిషికి పోయిందని అన్న మనసులో అప్పటికే మంట ఉంది. రోజూ అన్నం తినేటప్పుడు ఆ మాట వచ్చేది. ఆ ఏడాది మా వయసు పిల్లలు కొందరు ఇళ్లకు తిరిగి రాలేదు. ఆ ఇళ్ల గురించి విన్నప్పుడు వదిన పొయ్యి దగ్గర కూర్చుని కొంగుతో కళ్లు ఒత్తుకునేది. తార్నాకలో కోస్తా కుటుంబాలు కొన్ని సామాన్లు సర్దుకుని వెళ్లిపోయాయి. సుభద్ర మేడం వెళ్లారేమోనని నాకు భయంగా ఉండేది. ఆ భయం గురించి ఇంట్లో చెప్పలేను, మెట్ల మీద కూర్చున్న స్నేహితులకూ చెప్పలేను.

ఒక పొద్దున ఉండబట్టలేక మేడం వాళ్లింటికి వెళ్లాను. మేడం వాకిట్లో గొంతుక్కూర్చుని గోడ వారన మొలిచిన నేల ఉసిరి మొక్కల్లోంచి మొగ్గలు ఏరుతున్నారు. ఆమె తన పిహెచ్.డి. ఆ మొక్క మీద చేస్తున్నారు, దాని పువ్వులో విత్తనం ఎలా తయారవుతుందన్నది. వెళ్లిపోలేదా మేడం అని అడిగాను. ఎదురింటివాళ్లు కూడా వెళ్లిపొమ్మనే చెప్పి వెళ్లారట. "వాళ్లు అడగాల్సింది వాళ్లు అడుగుతున్నారు. ఆ అడిగేవాళ్లలో సగం మంది నా స్టూడెంట్లే. నా పిల్లలకి భయపడి నేనెక్కడికి పోతానమ్మా?" అన్నారు.

నేను పాఠం చెప్పమని అడిగాను. ఏడాది పోతుందన్న బెంగ నన్ను తినేస్తోంది. మేడం చెప్పనన్నారు. మీవాళ్లు క్లాసులు వద్దన్నారు, నేను చెబితే రేపు నువ్వు వాళ్ల ముఖం చూడలేవు, పైగా వాళ్ల బంద్‌ను దొడ్డిదారిన తప్పించడం నాకు ఇష్టం లేదు అన్నారు. నేను మెట్లు దిగబోతుంటే వెనక నుంచి పిలిచారు.

"బంద్ పాఠాలకి. చదువుకోవడానికి కాదు గదా. నేను రోజూ చదువుకుంటాను. నువ్వూ కూర్చుంటే కూర్చో."

అలా మొదలైంది. కిటికీ దగ్గర ఒక పాత ఇత్తడి మైక్రోస్కోపు ఉండేది. స్కూల్లో సైన్సు మాస్టారుగా పనిచేసిన వాళ్ల నాన్నగారిది. దాని కింద చిన్న అద్దం తిప్పితే కిటికీ వెలుతురు పైకెక్కేది. ఆమె చూసి గీసుకునేవారు. తరువాత లేచి పక్కకు జరిగేవారు. నేను కూర్చుని చూసి గీసుకునేదాన్ని. ఇద్దరి బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుని, తేడా ఉన్నచోట మళ్లీ చూసేవాళ్లం. కొన్నిసార్లు నేను చూసిందే సరైనదని తేలేది. అప్పుడామె తన బొమ్మ చెరిపేసి మళ్లీ వేసేవారు. టీచరు తన బొమ్మ చెరుపుకోవడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. ఆమెకు తెలిసినది నాకు చెప్పడం కాదు, ఆమెకు తెలియని దాని ముందు నన్ను కూర్చోబెట్టుకోవడమే ఆమె చేసింది. వాళ్లమ్మగారు మధ్యలో మజ్జిగ తెచ్చి ఇచ్చి, ఇద్దరికీ కళ్లు పోతాయని గొణుక్కుంటూ వెళ్లేవారు.

విషయం అన్నకు తెలిసింది. ఆ రోజు అన్న కేకలు వెయ్యలేదు. దానికంటే కష్టంగా, నా ముఖం చూడకుండా మాట్లాడాడు. "మనకు రావల్సినయి వాళ్లకు పోయినయని నేను బాధపడుతుంటే, నువ్వు వాళ్లింట్ల కూసుంటున్నవా?" అన్నాడు. నేను అక్కడ పాఠం వినడం లేదని, చదువుకుంటున్నానని చెప్పాను. ఆ తేడా ఆయనకు మాటల గారడీలా అనిపించి ఉంటుంది. ఇక వెళ్లవద్దన్నాడు. మర్నాడు ఆయన డ్యూటీకి పోయాక నేను వెళ్లాను. వదిన చూసి కూడా ఆపలేదు.

ఆ మధ్యాహ్నమే అన్న వచ్చాడు. కరెంటు స్తంభాలెక్కే ఖాకీ బట్టలతోనే, గేటు బయట నిలబడి నన్ను పేరు పెట్టి పిలిచాడు. నేను లేచి చెప్పులేసుకుంటుండగానే సందు మొదట్లోంచి కొందరు కుర్రాళ్లు వస్తూ కనిపించారు. ముందున్నవాడు జనార్దన్. ఎమ్మే చరిత్ర. మెట్ల మీద సభల్లో బాగా మాట్లాడేవాడు, మాట సూటిగా ఉండేది. మేడం బయటికి వచ్చారు. వాళ్లమ్మగారు తలుపు వెనక నిలబడిపోయారు. అన్న గేటు దగ్గరనుంచి కదల్లేదు. ఆయన వాళ్లతో కలుస్తాడో, నాకు అడ్డంగా నిలబడతాడో నాకే తెలియలేదు. బహుశా ఆయనకూ తెలియదు.

"మేడం, స్ట్రైక్ నడుస్తుంటె మీరు ఇంట్ల క్లాసులు తీస్తున్నరని చెప్పిన్రు" అన్నాడు జనార్దన్. గొంతులో మర్యాద ఉంది, కోపమూ ఉంది.

మేడం పక్కకు జరిగి దారి ఇచ్చారు. లోపలికి వచ్చి చూసుకోమన్నారు. వాళ్లు ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకుని, చెప్పులు విప్పి లోపలికి వచ్చారు. నల్లబల్ల లేదు, బెంచీలు లేవు. ఒక బల్ల, ఒక మైక్రోస్కోపు, రెండు కుర్చీలు, నేను. మరి ఈమె ఏం చేస్తున్నదని జనార్దన్ అడిగాడు. మేడం నా వైపు చూశారు.

"చదువుకుంటున్న" అన్నాను.

"ఎవరు చెప్తున్నరు?"

"ఎవరు చెప్తలేరు. ఆమె పని ఆమె చేసుకుంటున్నది, నా పని నేను చేసుకుంటున్న. మీరు కూడ చూడుండ్రి."

జనార్దన్ కొంచెం తటపటాయించి వంగాడు. ఒక కన్ను మూయడం చేతకాక చేత్తో మూసుకున్నాడు. ఏమిటిదని అడిగాడు. నేల ఉసిరి పువ్వు లోపల ఇంకా గింజ కాని గింజ అని చెప్పాను. వాకిట్లో మీరు తొక్కుకుంటూ వచ్చిన మొక్కేనన్నాను. మొత్తం చెప్పుకుపోయాను, మా మాటల్లోనే. ఒక్క ఇంగ్లీషు ముక్క కూడా అవసరం పడలేదు. జనార్దన్ చాలాసేపు తల ఎత్తలేదు. వెనకవాళ్లు తొందరపెడితే లేచి చోటిచ్చాడు. ఒక్కొక్కరే వంగి చూశారు. వాళ్లు చూస్తున్నంతసేపూ ఆ గదిలో ఎవరి ఊరేదో ఎవరికీ గుర్తున్నట్టు లేదు. వాళ్లు న్యాయం అడగడం మానేశారని నేననడం లేదు. మానలేదు, మానకూడదు కూడా. మేడం వాళ్లతో అదే అన్నారు, మీరు అడిగేదాంట్లో తప్పేమీ లేదని. జనార్దన్ వెళ్లేముందు గుమ్మం దగ్గర ఆగాడు.

"బంద్ క్లాసులకు మేడం. దీనికి కాదు" అన్నాడు.

మేడం అంతకుముందు నాతో అన్న మాటే అతనికీ తోచింది. ఎవరూ అతనికి చెప్పలేదు.

వాళ్లు వెళ్లాక మేడం గేటు దగ్గరికి వెళ్లి అన్నను లోపలికి పిలిచారు. మీ చెల్లెలు చూసేది మీరూ చూడండన్నారు. అన్న ముందు వాకిట్లో కుళాయి దగ్గర మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాడు. తరువాత వచ్చి కూర్చుని చూశాడు. లేచి, రోజూ దీన్ని చూస్తే ఏమొస్తది మేడం అని అడిగాడు. వెటకారం లేదు, నిజంగానే అడిగాడు.

"ఏమొస్తుందో ముందే తెలిస్తే ఇక చూడక్కర్లేదు గదండీ" అన్నారు ఆమె.

లాలాపేట దాకా ఇద్దరం కలిసి నడిచాం. ఇంటి సందు మలుపులో అన్న, రేపు ఎన్ని గంటలకు పోతవని అడిగాడు. దారి బాగాలేదు, నేను దింపి పోతానన్నాడు. దింపాడు కూడా, పరిస్థితులు సద్దుమణిగేదాకా. తనకు జరిగిందని అనుకున్న అన్యాయం గురించి ఆయన చివరిదాకా అదే మాట మీద ఉన్నాడు. అది ఆయన హక్కు. మేడం గురించి మాత్రం ఎవరైనా ఏమైనా అంటే ఊరుకునేవాడు కాదు.

పరీక్షలు ఆలస్యంగా జరిగాయి. పాసయ్యాను, ఈసారి ఫస్టు క్లాసు కొద్దిలో తప్పింది. అయినా నాకు వెలితిగా అనిపించలేదు. ఏది తెలుసో ఏది తెలియదో మొదటిసారి నాకే స్పష్టంగా తెలుస్తోంది. కొన్నాళ్లకు ఒక జిల్లా కాలేజీలో లెక్చరర్‌గా చేరాను. చేరగానే నేను చేసిన మొదటి పని, అక్కడి అద్దాల బీరువా తాళం తీయించడం.

మేడం పిహెచ్.డి. మౌఖిక పరీక్ష నాడు సెలవు పెట్టి వచ్చాను. బయటి నుంచి వచ్చిన పెద్ద ప్రొఫెసరు చాలాసేపు ప్రశ్నలు వేశాడు. ఆమె తడుముకోకుండా చెబుతున్నారు. చివరలో ఆయన ఆ గింజ ఎదుగుదలలో ఒక దశ గురించి, అది అలాగే ఎందుకు జరుగుతుందని అడిగాడు. మేడం ఆగారు. ఏదో ఒకటి చెప్పేస్తే బాగుండునని నేను చేతులు బిగించుకుని కూర్చున్నాను. తెలియదని, చాలాకాలం చూసినా అంతుపట్టలేదని, ఇంకా చదువుకోవాలని ఆమె చెప్పారు. ఆ మాటలన్నది ఇంగ్లీషులోనే. నాకు మాత్రం తెలుగులోనే వినిపించాయి. ప్రొఫెసరు కాగితాలు మూసి లేచి నిలబడి ఆమెకు అభినందనలు చెప్పాడు.

బయట వరండాలో నేను ఉండబట్టలేక, ఆ ఒక్క ప్రశ్నకు తెలియదని అనకుండా ఉండాల్సింది మేడం అన్నాను. ఆమె నా వైపు చాలా ప్రేమగా చూశారు.

"అదొక్కటి మిగిలింది కాబట్టే గదమ్మా, రేపు పొద్దున మళ్లీ కూర్చోవడానికి నాకు పని ఉంది."

మరునాడు నిజంగానే కూర్చున్నారట. వాళ్లమ్మగారు చెప్పారు, డాక్టరు అయ్యాక అయినా పొద్దున ఆలస్యంగా లేస్తుందనుకుంటే లేదని. రిటైరయ్యాక కూడా మేడం తార్నాకలోనే ఉన్నారు. కాలం చేసి చాలా ఏళ్లయింది.

నేను ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పాను. చాలామంది పిల్లలు నా ముందు నా కంటే బాగా అప్పజెప్పారు. వాళ్లను ఎగతాళి చెయ్యలేదు, ఎందుకంటే చదవడం కూడా చిన్న విషయం కాదు. మా నాయనకు అది కూడా అందలేదు. అయితే చదివింది మనదయ్యే ఘడియ ఒకటి ఉంటుంది. దాన్ని ఎవరూ ఇంకొకరికి చేసిపెట్టలేరు. అది వచ్చేదాకా పక్కన ఓపిగ్గా కూర్చోగలరు, అంతే. నాకు చేతనైనంతలో నేను అలా కూర్చున్నాను. తెలియనప్పుడు తెలియదని పిల్లల ముందు అన్నాను. మొదట్లో ఆ మాట అనడం కష్టంగా ఉండేది. తరువాత అలవాటయింది.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ఏం చేస్తున్నారని ఎవరైనా అడిగితే చదువుకుంటున్నానని చెబుతాను. ఈ వయసులో ఏ పరీక్షకండీ అని నవ్వుతారు, నేనూ నవ్వుతాను. మా మేడ మీద నీళ్ల ట్యాంకు కింద, ఎప్పుడూ తడిగా ఉండే మూలలో ఒక నాచు పెరుగుతోంది. వానలు పడ్డప్పటి నుంచి చూస్తున్నాను. ఎండకు నల్లగా ముడుచుకుపోతుంది, ఒక్క చుక్క పడితే విచ్చుకుంటుంది. దాని పేరేమిటో నాకింకా తెలియదు. పొద్దున కాస్త వెలుగు రాగానే వెళ్లి చూడాలి.